బ్యాచ్ మారగానే సేవ ఆగిపోకుండా ఏం చేయాలి? ఎన్‌ఎస్‌ఎస్‌లో, విద్యార్థి సంఘాల్లో పనిచేసినవాళ్ళు చెప్పండి

నీలిచుక్క (డిగ్రీ రెండో సంవత్సరం)

అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్లతో పాటు విద్యార్థులమే నడుపుకునే సేవా సంఘం ఒకటుంది. ఈ ఏడాది దాని కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించారు. పాత ఫైళ్ళు ముందేసుకుని కూర్చుంటే ఒకే కథ పదే పదే కనిపించింది. మంచి పనులు చాలా మొదలయ్యాయి. సేవ కోసం దత్తత తీసుకున్న గ్రామంలో సాయంత్రం ట్యూషన్లు, హాస్టల్ వెనక మొక్కలు, చూపు లేని విద్యార్థులకు లైబ్రరీలో పాఠాలు చదివి వినిపించడం. ఒక్కొక్కటి ఏడాదో రెండేళ్ళో నడిచింది. ఆ తర్వాత పేజీలు ఖాళీ. ఎందుకు ఆగిందో కూడా ఎవరూ రాయలేదు. మొదలుపెట్టిన సీనియర్లు చదువు పూర్తిచేసుకుని వెళ్ళిపోయారు, అంతే.

మనం మూడేళ్ళకో నాలుగేళ్ళకో వెళ్ళిపోతాం. ట్యూషన్‌కి వచ్చిన పిల్లలు అక్కడే ఉంటారు. అక్కలు, అన్నలు ఇక రారని వాళ్ళకి ఎవరు చెప్పి ఉంటారు? నాకు టెన్షన్ అదే. ఎలాంటి పనులు ఎంచుకుంటే నిలబడతాయి? తర్వాతి వాళ్ళకి ఎలా అప్పగించాలి? సేవకి ఇన్ని గంటలని లెక్కపెట్టడం, సర్టిఫికెట్లు ఇవ్వడం నిజంగా మేలు చేస్తున్నాయా? అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా రాయండి.

పాతబ్యాచ్

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. గంటల లెక్క సేవని పాడు చేస్తుందనే నా అభిప్రాయం. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు పూర్తి కావాలి కాబట్టి అందరూ వస్తారు, సంతకం పెడతారు. చీపురు పట్టుకుని ఒక ఫోటో, బ్యానర్ వెనక ఒక ఫోటో. అప్పటికే శుభ్రంగా ఉన్న రోడ్డునే మళ్ళీ ఊడ్చడం చాలా చోట్ల చూశాను. సర్టిఫికెట్ తీసేసి చూడండి. పది మందే మిగలొచ్చు. ఆ పది మందితో చేసే పని నిలబడుతుంది.

రిటైర్డ్_పీవో

నేను చాలాకాలం ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా, అంటే ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌ని చూసుకునే అధ్యాపకుడిగా పనిచేశాను. పాతబ్యాచ్ గారు చెప్పిన ఫోటోల సంగతి నిజమే. కానీ గంటలు ఎందుకు పెట్టారో తెలిస్తే వాటిని వాడుకునే తీరు మారుతుంది.

సేవ తప్పనిసరి చేయాలా, ఇష్టానికి వదిలేయాలా అన్న వాదన మన తరంది కాదు. డిగ్రీకి ముందు విద్యార్థులు కొంతకాలం సమాజసేవ చేయాలన్న ఆలోచన 1950ల నుంచే ఉంది. 1959లో మాజీ ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన వేసిన కమిటీ, కాలేజీలో చేరబోయేవాళ్ళకి తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా జాతీయ సేవ తప్పనిసరి చేయమని సూచించింది. ఖర్చు, అమలులో ఇబ్బందులు చూసి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ తర్వాత విద్యావేత్త కె.జి. సయ్యదైన్ వేరే దేశాల్లో ఈ పథకాలు ఎలా నడుస్తున్నాయో పరిశీలించి, మన దగ్గర స్వచ్ఛందంగానే ఉంచడం మేలన్నారు. చివరికి గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్‌ని ప్రారంభించారు. చేరడం ఇష్టం, చేరాక గంటలు తప్పనిసరి. ఈ మధ్యేమార్గం ఎంతో ఆలోచించి ఎంచుకున్నదే.

ఇప్పుడు ఆ 120 గంటల సంగతి. ఏడాదికి 120 చొప్పున రెండేళ్ళకి 240 గంటలు. వీటిని మొత్తంగా ఊడ్చడానికి పెట్టలేదు. మాన్యువల్ ప్రకారం సుమారు 20 గంటలు వలంటీర్లకి అవగాహన కల్పించడానికి, క్యాంపస్ పనులకి 30 గంటలకి మించకుండా, మిగతా 70 గంటలు జనం మధ్య చేసే పనికి. చాలా యూనిట్లలో ఇది తలకిందులవుతోంది. క్యాంపస్ లోపల సభలకి కుర్చీలు వేయడం, అతిథులకి దారి చూపించడం కూడా సేవాగంటల్లోకి వెళ్ళిపోతున్నాయి. తప్పు గంటలది కాదు, వాటిని నింపుతున్న తీరుది.

గ్రామాన్ని దత్తత తీసుకోవడం అంటే ఏడు రోజుల స్పెషల్ క్యాంప్ ఒక్కటే కాదు. ఏడాది పొడవునా అదే ఊరికి వెళ్తూ ఉండాలని, క్యాంపు ఆ రాకపోకల్లో ఒక భాగం కావాలని ఉద్దేశం. క్యాంపు ఒక ఊళ్ళో, మిగతా పనులు మరో చోట, వచ్చే ఏడాది ఇంకో ఊళ్ళో అయితే ఏదీ నిలబడదు. నీలిచుక్కా, మీ సంఘం ఎన్‌ఎస్‌ఎస్ కాకపోయినా ఈ ఒక్కటీ పట్టుకోండి: ఊరు మార్చకండి.

ఊరిమనిషి

మీరంతా కాలేజీ వైపు నుంచి మాట్లాడుతున్నారు. నేను దత్తత గ్రామం వైపు నుంచి మాట్లాడతాను.

మా ఊరికి ఏటా పిల్లలొస్తారు. వాళ్ళంటే మాకు ప్రేమే. పొద్దున్నే లేచి కాలువ పూడిక తీశారు, బడి గోడకి సున్నం వేశారు. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఏటా ఒక సర్వే చేస్తారు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, ఎవరు చదువుకున్నారు, ఆదాయం ఎంత. మళ్ళీ ఏడాది అవే ప్రశ్నలు. మా అమ్మ అడిగింది, "పోయినేడు చెప్పినవి ఏం చేశారమ్మా?" అని. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. పోయినేడాది కాగితాలు తను చూడనే లేదు పాపం.

మాకు కావాల్సింది చాలా చిన్నది. ఆ సర్వేలో ఏం తేలిందో ఒకసారి గ్రామ సభలో చదివి వినిపించండి. ఎంతమంది ముసలివాళ్ళకి పెన్షన్ రావడం లేదు, ఎంతమంది పిల్లలు బడి మానేశారు, ఏ వీధి బోరు నీళ్ళు తాగడానికి పనికిరావు. ఊరివాళ్ళకి విడివిడిగా తెలిసిన సంగతులే అవి. ఒక్కచోట అంకెలతో చెప్తే పంచాయతీని అడగడానికి మాకు బలం వస్తుంది.

ఇంకొకటి. ఫోటో తీసేముందు అడగండి. చిన్నపిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నల్ని అడగండి. మురికి బట్టల్లో ఉన్న పిల్లాడి ఫోటో మీ పోస్టర్ మీద చూస్తే ఆ తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

నీలిచుక్క

ఊరిమనిషి గారూ, మీరు రాసింది మా వాళ్ళందరికీ చదివి వినిపిస్తాను. పాత సర్వే ఫారాలు మా గదిలో కట్టలుగా ఉన్నాయి. కొత్త సర్వే పెట్టకుండా ముందు వాటిని లెక్కకట్టి ఊరికి తెస్తాం.

తెల్లకాగితం (పీజీ)

నేను చూపు లేని విద్యార్థిని. లైబ్రరీలో చదివి వినిపించడం ఆగిపోయిందని రాశారు కదా, అలాంటిది ఆగితే మాకు ఏమవుతుందో చెప్తాను.

సాఫ్ట్‌వేర్‌తో చాలా పుస్తకాలు వినగలుగుతున్నాం. కానీ తెలుగులో పాత పుస్తకాలు, చేతిరాత నోట్సు, మాస్టారు బోర్డు మీద వేసిన పటం, లెక్కల పట్టికలు ఇంకా మనిషి చదివితేనే అర్థమవుతాయి. వారానికి రెండు గంటలు నమ్మకంగా వచ్చే ఒక్క రీడర్ ఉంటే మా సెమిస్టర్ వేరుగా ఉంటుంది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్ చెయ్యక్కా" అనే ఇరవై మంది కన్నా మంగళవారం ఐదింటికి తప్పకుండా వచ్చే ఒక్కరు నయం. ప్రతిసారీ ఫోన్ చేసి బతిమాలాల్సి వస్తే చదువు కన్నా ఆ మొహమాటమే ఎక్కువ అలసట.

ఇక స్క్రైబ్ సంగతి. పరీక్షలో మేం చెప్తుంటే రాసిపెట్టేవాళ్ళు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. రాయడానికి వచ్చేవాళ్ళు అన్ని గంటలూ ఖాళీగా ఉండాలి. మధ్యలో బస్సు టైమయిందని లేస్తే మా పేపర్ పోయినట్టే. అదే మార్గదర్శకాల్లో, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని ఉండేది. ఆ లెక్కన నాకు పీజీ వాళ్ళు రాయకూడదు, డిగ్రీ వాళ్ళు రాయాలి. డిగ్రీ వాళ్ళకి రాసేది ఇంటర్ పిల్లలు. సేవాసంఘాలు ఈ సంగతి తెలియక తమ క్లాస్‌మేట్స్ పేర్లు ఇస్తాయి, పరీక్షరోజు పొద్దున తిప్పి పంపిస్తారు. మీ పరీక్షల విభాగం ఇప్పుడు ఏ నియమం పాటిస్తోందో, ఏ కాగితాలు అడుగుతుందో ముందే కనుక్కోండి.

నీలిచుక్క

అక్కా, ఇది మాకెవరికీ తెలియదు. మా పరీక్షలూ అప్పుడే ఉంటాయి కదా, మనుషుల్ని ఎలా సర్దాలి?

తెల్లకాగితం

టైంటేబుల్ వచ్చినరోజే పని మొదలుపెట్టాలి. మా తేదీలు, మీ వలంటీర్ల తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్ళు ఖాళీగా దొరుకుతారు. దగ్గర్లోని జూనియర్ కాలేజీతో ఒక అవగాహన ఉంటే డిగ్రీ విద్యార్థులకి ఇబ్బంది తప్పుతుంది. ఒక్కో పరీక్షకి ఒకరు కాదు, ఇద్దరి పేర్లు ఉండాలి. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్ళు.

పరీక్షకి ముందు ఒక్కసారైనా కలిసి కూర్చుని పాత ప్రశ్నపత్రం రాయించండి. మేం చెప్పే వేగం వాళ్ళకి, వాళ్ళు రాసే వేగం మాకు అలవాటు కావాలి. స్క్రైబ్ తన తెలివి వాడకూడదు. మేం తప్పు చెప్తే తప్పే రాయాలి, సాయం చేద్దామని వాక్యం మార్చకూడదు. అది మా పరీక్ష. ప్రశ్నని రెండుసార్లు స్పష్టంగా చదవడం, ఎన్ని పేజీలయ్యాయో చెప్పడం, మిగిలిన టైం చెప్పడం, ఇవే అసలు సాయం.

సాయంత్రంషిఫ్ట్

పాతబ్యాచ్ అన్న మాటకి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను. సర్టిఫికెట్ తీసేస్తే ఇష్టమున్నవాళ్ళే మిగులుతారన్నారు. కాదన్నా, టైమున్నవాళ్ళు మిగులుతారు. నేను కాలేజీ అయ్యాక పనికి వెళ్తాను, రాత్రికి హాస్టల్‌కి చేరతాను. ఆదివారం కూడా సగం రోజు పనే. నాకు సేవ మీద ఇష్టం లేక కాదు. ఇంటి నుంచి డబ్బులొచ్చే స్నేహితుడికి సాయంత్రం ఖాళీ, నాకు కాదు.

గంటలకి చదువులో లెక్కకొచ్చే క్రెడిట్ ఉంటే, ఆ పని కాలేజీ వేళల్లోకి వస్తుంది. అప్పుడు నేనూ చేయగలను. సమాజంతో కలిసి పనిచేయడాన్ని చదువులో భాగం చేయాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) దీనికోసం రెండు క్రెడిట్ల కోర్సు నమూనా ఇచ్చింది. అందులో సగం క్లాసు, సగం ఫీల్డు. మా దగ్గర అది పెట్టాక మొదటిసారి నాలాంటి వాళ్ళు పదిమంది ఊళ్ళోకి వెళ్ళగలిగాం. పేద విద్యార్థులు సేవ అందుకోవడానికే కాదు, చేయడానికీ ఉన్నారు. మాకూ దారి ఉంచండి.

పాతబ్యాచ్

తమ్ముడూ, నువ్వు చెప్పిన కోణం బలమైనది. క్రెడిట్ కాలేజీ వేళల్లో ఇవ్వడానికి నేను అడ్డు చెప్పను. నాకు అభ్యంతరం హాజరుని పనిగా లెక్కేయడం మీద. ఊరిమనిషి గారు చెప్పినట్టు, సర్వే చేశాక దాని ఫలితం ఊరికి చేరిందా లేదా అన్నదాన్ని బట్టి క్రెడిట్ ఇవ్వండి. సంతకాల షీట్ చూసి ఇవ్వకండి.

రిటైర్డ్_పీవో

ఆ మాట ఒప్పుకుంటాను. నేను వర్క్ డైరీ చూసేవాణ్ణి. "మొక్కలు నాటాం" అని రాస్తే కుదరదు, పోయిన నెల నాటినవాటిలో ఎన్ని బతికాయో రాయాలి. మొక్కలు నాటాలంటే వానలు కుదురుకున్నాక నాటండి. జూన్ 5 పర్యావరణ దినోత్సవం అని ఎండలో నాటి వదిలేస్తే నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు. మొదటి రెండు ఎండాకాలాలు దాటించే ఏర్పాటు లేకపోతే నాటకపోవడమే మేలు.

ల్యాబ్‌కోటు (బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్)

విద్యార్థి సంఘాలు ఎక్కువగా చేసే పని రక్తదాన శిబిరం. మాకు వచ్చే రక్తంలో మీ కాలేజీల వాటా పెద్దది, అందుకు చేతులెత్తి దండం పెడతాను. ఒక్క మార్పు చేస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది.

ఎర్రరక్తకణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఒక జయంతి రోజున అన్ని సంఘాలూ పోటీపడి శిబిరాలు పెడితే ఆ వారం మా ఫ్రిజ్‌లు నిండుతాయి. రెండు నెలల తర్వాత అందులో ఏమీ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తారు, దాతలు ఊళ్ళకి వెళ్ళిపోతారు. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని తలసీమియా పిల్లలకి సెలవులు లేవు. వాళ్ళకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఆ నెలల్లో తల్లిదండ్రులు వార్డుల్లో తిరుగుతూ దాతల కోసం అడుగుతుంటే చూడటం చాలా కష్టం.

అందుకే ఒక్కరోజు మూడొందల మంది వద్దు. నెలకి పాతిక మంది చొప్పున రండి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. దాన్ని బట్టి జాబితా వేసుకుంటే ఏడాదంతా సరిపోతుంది. శిబిరం తేదీ వేసేముందు బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి "మీకు ఎప్పుడు కొరత?" అని అడగండి. సెలవులకి వెళ్ళేవాళ్ళు తమ ఊళ్ళో దగ్గర్లోని బ్లడ్ బ్యాంక్‌లో ఇచ్చినా అంతే మేలు.

అమ్మాయిలు చాలామంది హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి వెళ్తారు. డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాములు ఉండాలి. "రిజెక్ట్" అని పంపేయకండి. ఆ అమ్మాయిని డాక్టరుకి చూపించడం కూడా మీ శిబిరం పనే.

పద్దుపుస్తకం (ఒక సంఘానికి కోశాధికారి)

డబ్బు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నాలుగు మాటలు. వరదలప్పుడు, ఎవరికైనా ఆపరేషన్ అన్నప్పుడు విద్యార్థులు రాత్రికి రాత్రి చందాలు పోగుచేస్తారు. ఆ మనసు గొప్పది. కానీ ఎవరో ఒకరి ఫోన్ నంబరుకి అందరూ డబ్బు పంపడం మానేయండి. ఆ విద్యార్థి ఎంత నిజాయితీపరుడైనా రేపు అనుమానం అతని మీదే పడుతుంది. సంఘం పేరు మీద ఖాతా, ఇద్దరి సంతకాలు, ఒకరు అధ్యాపకులు. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, బిల్లులతో సహా నోటీసు బోర్డు మీద పెట్టండి. సాయం అందుకున్నవాళ్ళ పేరు మాత్రం అక్కడ పెట్టకండి.

మాజీకార్యదర్శి

అసలు ప్రశ్న అప్పగింత. దానికి వస్తాను.

చాలా సంఘాల్లో కార్యవర్గం విద్యాసంవత్సరం చివర మారుతుంది. ఫైనల్ ఇయర్ వాళ్ళు పరీక్షల హడావిడిలో తాళాలు ఇచ్చి వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళు సెలవులయ్యాక తెరిస్తే అడగడానికి ఎవరూ ఉండరు. మేం దీన్ని మార్చాం. కొత్త కార్యవర్గాన్ని డిసెంబర్‌లోనే ఎన్నుకునేవాళ్ళం. జనవరి నుంచి మార్చి వరకు పాతవాళ్ళు, కొత్తవాళ్ళు కలిసి వెళ్ళేవాళ్ళు. ఊళ్ళో సర్పంచ్‌కి, హెడ్‌మాస్టర్‌కి, అంగన్‌వాడీ టీచర్‌కి, ఆశా కార్యకర్తకి పాత కార్యదర్శి స్వయంగా కొత్తవాళ్ళని పరిచయం చేయాలి. మిగతా అన్నిటికన్నా ఇదే ఎక్కువ పనిచేసింది. ఊరివాళ్ళకి సంఘం పేరు గుర్తుండదు, మొహం గుర్తుంటుంది.

రెండోది పుస్తకం. రిపోర్టు కాదు. రిపోర్టులో అన్నీ "విజయవంతంగా" జరుగుతాయి. పుస్తకంలో ఎవరిని కలవాలి, ఏ వేళ కలవాలి, ఏం మాటిచ్చాం, ఏది నెరవేరలేదు, ఏది ప్రయత్నించి వదిలేశాం, ఎందుకు వదిలేశాం రాయాలి. వదిలేసిన పనుల పేజీనే మా తర్వాతి వాళ్ళకి ఎక్కువ ఉపయోగపడింది. కంప్యూటర్‌లో ఉంచినా సరే, ఒక కాపీ లైబ్రరీలో ఉండాలి. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిసిన ఫైల్ ఆ ఒక్కరితోనే వెళ్ళిపోతుంది.

మూడోది, కొంచెం కష్టమైనది. మొదలుపెట్టే ముందే ఆపే పద్ధతి రాసుకోండి. ట్యూషన్లు నడపలేకపోతే ఎవరికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, పిల్లల్ని ఎవరికి అప్పగించాలి. మాట చెప్పి ఆపడం ఒక రకం, చెప్పకుండా మాయమవడం ఇంకో రకం. నీలిచుక్క బాధ రెండోదాని గురించే.

ఊరిమనిషి

ట్యూషన్ల గురించి ఒక మాట. మా ఊళ్ళోనే డిగ్రీ చదివి ఇంటిదగ్గర ఉన్న అమ్మాయిలు నలుగురున్నారు. కాలేజీ పిల్లలు నేరుగా పాఠం చెప్పడం కన్నా, వీళ్ళకి పుస్తకాలు, బోర్డు, నెలకోసారి మీ సైన్సు ల్యాబ్‌లో ఒక పూట ఇప్పించండి. పరీక్షల సెలవులైనా, మీ బ్యాచ్ మారినా ట్యూషన్ నడుస్తూనే ఉంటుంది. మీరు శనివారాలు వచ్చి లెక్కలు, ఇంగ్లీషులో వాళ్ళకి ఆసరాగా ఉంటే చాలు.

రిటైర్డ్_పీవో

ఇది చాలా మంచి సలహా. విద్యాసంస్థల్ని గ్రామాలతో కలిపే కేంద్ర ప్రభుత్వ పథకం ఉన్నత్ భారత్ అభియాన్ 2014లో మొదలైంది. అందులో చేరిన విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలతో కలిసి పనిచేయాలి. మీ యూనివర్సిటీ అందులో ఉందేమో కనుక్కోండి. ఉంటే ల్యాబ్ తలుపులు తెరిపించడానికి అది మంచి ఆధారం.

నీలిచుక్క

నిన్న సమావేశం పెట్టి ఇదంతా చదివాం. ఈ ఏడాదికి మూడే పనులు. రీడర్లు, స్క్రైబ్‌ల జాబితా. ఊళ్ళో అక్కలతో కలిసి ట్యూషన్లు. నెలనెలా రక్తదానం, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలకి క్యాంపస్ చుట్టుపక్కల ఉండే డే స్కాలర్ల జాబితా. మొక్కల పని ఈసారి వద్దనుకున్నాం, నీళ్ళు పోసే ఏర్పాటు కుదరలేదు. ఆ కారణం పుస్తకంలో రాశాం. ఎన్నికలు డిసెంబర్‌కి మార్చాలని తీర్మానం చేశాం.

సాయంత్రంషిఫ్ట్ అన్నా, పగటి వేళల్లో స్లాట్లు పెడుతున్నాం, లంచ్ తర్వాత గంట రీడింగ్. మీకు కుదురుతుందా? ల్యాబ్‌కోటు గారూ, మా వాళ్ళలో కొంతమందికి 18 నిండలేదు. 45 కిలోల లోపు ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఏం చేయొచ్చు?

సాయంత్రంషిఫ్ట్

బుధ, శుక్రవారాలు వస్తాను. రాసుకో.

ల్యాబ్‌కోటు

18 నిండకపోయినా, 45 కిలోల కన్నా తక్కువున్నా రక్తం తీసుకోం, నియమం అదే. దాతల జాబితా, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు ఇవ్వొచ్చు అన్న తేదీల లెక్క వాళ్ళకి అప్పగించండి. శిబిరంలో దానం అయ్యాక దాతని పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, కళ్ళు తిరుగుతున్నాయేమో గమనించేవాళ్ళు మాకు ఎప్పుడూ తక్కువే. శిబిరం ముందురోజు పంపితే మా నర్సు వాళ్ళకి ఒక గంట నేర్పిస్తారు.

తెల్లకాగితం

రీడర్లలో తెలుగు మీడియం వాళ్ళు ఇద్దరైనా ఉండేలా చూడండి. మా ఇంటర్నల్స్ తేదీలు సోమవారం వస్తాయి, రాగానే ఇక్కడే పెడతాను.